రెండుకీ ఎనిమిదికీ మధ్య

మా వీరరాఘవమ్మ పెద్దమ్మకి లోకమంతా రెండు డిగ్రీలకీ ఎనిమిది డిగ్రీలకీ మధ్యనే ఉంది. రెండుకి తగ్గితే తప్పు, ఎనిమిది దాటితే నేరం. రెంటచింతలను పక్కనే పెట్టుకుని ఏప్రిల్లోనే ఉడికిపోయే మా గురజాలలో ఒక మనిషి ఇంత ఇరుకు జాగాలో ఎలా బతుకుతుందని మీకు అనుమానం రావచ్చు. తను బతకడమే కాదు, మా వీధి మొత్తాన్ని అందులోకి లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

ఆవిడ నా సొంత పెద్దమ్మ కాదు, పక్కింటావిడ. టీకాలు వేసే నర్సమ్మగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైంది. నీలం రంగు టీకాల పెట్టె భుజాన తగిలించుకుని బస్సుల్లో, సైకిళ్ళ మీద, ఒకసారి మిరప బస్తాల లారీ మీద కూడా ఊళ్ళు తిరిగింది. ఈ ముప్పై నాలుగేళ్ళలో తన చేతిలో ఒక్క డోసు పాడవలేదని ఆవిడ గర్వం. కొత్తవాళ్ళకి ఈ సంగతి మొదటి ఐదు నిమిషాల్లో చెబుతుంది. పాతవాళ్ళకి వారానికోసారి గుర్తుచేస్తుంది. ఎదురింటి అమ్మాయికి పెళ్ళిచూపులైతే, వచ్చిన మగపెళ్ళివాళ్ళకి కూడా చెప్పింది. వాళ్ళు అదేదో ఆ ఇంటి ఆచారం అనుకుని తలలూపారు.

ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు రోజుకి రెండుసార్లే తెరుచుకుంటుంది. పొద్దున ఎనిమిదికి ఒకసారి, సాయంత్రం ఐదుకి ఒకసారి. తెరిచినప్పుడల్లా లోపలి థర్మామీటరు చూసి, తలుపు మీద అంటించిన చార్టులో డిగ్రీలు రాసి సంతకం పెడుతుంది. రిటైరై ఏళ్ళు గడిచినా చార్టు ఆగలేదు. ఇంతా చేస్తే లోపల ఉండేవి ఒక పెరుగు గిన్నె, గుప్పెడు పచ్చిమిరపకాయలు. మిగిలిన చోటంతా ఎప్పుడైనా ఎవరికైనా మందు దాచాల్సి వస్తుందని ఖాళీగా ఉంచుతుంది.

పెదనాన్న నాగేశ్వరరావు గారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. బస్సులో అరవై మందిని అదిలించిన మనిషి, ఇంట్లో ఫ్రిజ్ కొన్ననాటి నుంచి చల్లటి నీళ్ళకి మొహం వాచిపోయారు. ఒక గ్లాసు నీళ్ళ కోసం తలుపు తీస్తే లోపల రెండు డిగ్రీలు పెరుగుతుందని పెద్దమ్మ లెక్క. అందుకని ఆయనకి దాహమైతే మా ఇంటికి వస్తారు. మా ఫ్రిజ్‌లో ఆయన పేరు రాసిన బాటిల్ ఒకటి ఉంటుంది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, ఏమీ జరగనట్టు ఇంటికి పోతారు.

నేను కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్ని. ఉద్యోగంలో చేరినప్పుడు ఇది ఇంత కష్టమైన ఉద్యోగమని తెలియదు. కరెంటు పోయిన నిమిషానికి నా ఫోను మోగుతుంది.

"ఎంతసేపురా మస్తానూ?"

"లైను మీద కొమ్మ పడింది పెద్దమ్మా, గంట పడుతుంది."

"గంటంటే అరవై నిమిషాలా, మీ ఆఫీసు గంటా?"

ఆవిడ కోసం నేను స్తంభాలెక్కి దిగిన వేగానికి మా డిపార్ట్‌మెంటులో నాకు మంచి పేరొచ్చింది. అందులో సగం ఆవిడకి రావాల్సింది.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే మా ఇంట్లోకి ఒక నవ్వులేని సంగతి వచ్చిపడింది. మా అమ్మాయి అమూల్యకి పొద్దున లేవగానే వేళ్ళు, మోకాళ్ళు వాచిపోయేవి. అప్పుడు తను ఏడో తరగతి. కీళ్ళవాతం పిల్లలకీ వస్తుందని గుంటూరు డాక్టరు గారు చెప్పేదాకా మాకు తెలియదు. పదిహేను రోజులకొక సూదిమందు రాశారు. దాన్ని రెండుకీ ఎనిమిదికీ మధ్యనే ఉంచాలన్నారు. ఆ మాట విని బాధలో కూడా నేను, మా ఆవిడ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

సూది వెయ్యడం అక్కడి నర్సు నాకే నేర్పింది. మొదటిసారి నేను గుచ్చినప్పుడు అమూల్య కదల్లేదు. ఆ రోజు నుంచి ఇంకెవరి చేతా వేయించుకోనంది. వేలమంది పిల్లలకి వేసిన పెద్దమ్మ పక్కింట్లో ఉన్నా సరే, నాన్నే కావాలంది. పెద్దమ్మకి మనసులో చిన్నతనం అనిపించే ఉంటుంది, పైకి మాత్రం అనలేదు.

మందు హైదరాబాదు నుంచి థర్మకోల్ పెట్టెలో, మందుల కంపెనీ సొంత కొరియర్లో వచ్చేది. నేను స్తంభాల మీద, మా ఆవిడ అంగన్‌వాడీలో ఉంటాం కాబట్టి పార్సిలు తన పేరు మీద తెప్పించమంది పెద్దమ్మ. చలికాలమంతా పెట్టెలు సక్రమంగానే వచ్చాయి. ఎండలు ముదిరాక మొదలైంది అసలు కథ.

మార్చిలో ఒక శనివారం నా ఫోనుకి పార్సిలు అందజేశామని మెసేజ్ వచ్చింది. పెద్దమ్మని అడిగితే అందలేదంది. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కమని, మూడు నొక్కమని, మా కాల్ వాళ్ళకెంతో ముఖ్యమని చెప్పి పాట వేశారు. ఆ పాట పూర్తిగా కంఠతా వచ్చాక ఒకమ్మాయి పలికి, అడ్రసు దొరకలేదని వెనక్కి పంపారండీ అంది. అందజేసింది వెనక్కి ఎలా పోయిందో ఆమెకీ తెలియదు. దగ్గర్లో ల్యాండ్‌మార్కు ఏమైనా చెప్పమంది. పెద్దమ్మ నా చేతిలో ఫోను లాక్కుంది.

"నేనే ల్యాండ్‌మార్కుని. నర్సమ్మ ఇల్లెక్కడంటే దాచేపల్లి దాకా ఎవరైనా చెప్తారు. మీవాడు బండి దిగి అడిగాడా?"

ఆదివారమంతా ఆ పెట్టె పిడుగురాళ్ళ గోడౌన్లో రేకుల కింద ఉంది. సోమవారం పెద్దమ్మ గడపలోకి వచ్చేసరికి ఆవిడ థర్మామీటరు పదిహేడు చూపించింది. ఆవిడ మూత మూసి, సంతకం పెట్టనని చెప్పి, పెట్టె తిప్పి పంపేసింది.

ఆ మరుసటి పెట్టె తెచ్చినవాడు అల్తాఫ్. నలభై దాటిన మనిషి, పిడుగురాళ్ళ నుంచి బైకు మీద మండలాలు తిరుగుతాడు. ముందు పెట్టె వేడెక్కి వెనక్కి పోయిందని విని పాపం తనే ఒక ఉపాయం చేశాడు. దారిలో సోడా కొట్టు దగ్గర ఆగి, సొంత డబ్బుతో రెండు ఐసు గడ్డలు కొని, మందు చుట్టూ పేర్చి, టేపు వేసి తెచ్చాడు. అది మా ప్రాంతంవాడే చేయగలిగిన పొరపాటు. ఐసు ఎక్కువైతే ప్రమాదమని పల్నాడులో పుట్టినవాడికి ఎలా తడుతుంది? పెద్దమ్మ మూత తీసి చూస్తే సున్నాకి ఒక డిగ్రీ కింద ఉంది.

"ఎండకి చల్లంగా ఉంటదని వేశానమ్మా," అన్నాడు అల్తాఫ్.

"చల్లంగా ఉండాలయ్యా, గడ్డ కట్టకూడదు. గడ్డకట్టిందంటే అది ఇంక మందు కాదు, ఉత్త నీళ్ళు."

అదీ వెనక్కి పోయింది. ఐసు గడ్డల సంగతి ఉన్నదున్నట్టు కంపెనీకి చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, అల్తాఫ్‌ని అరుగు మీద కూర్చోబెట్టి అరగంట పాఠం చెప్పింది. ఫ్రీజర్లోంచి తీసిన ఐసుప్యాకు రాయిలా ఉన్నప్పుడు పెట్టెలో పెట్టకూడదు. దానికి చెమట పట్టాలి. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి. అప్పుడే మందు పక్కన పెట్టాలి. ఐసుప్యాకు చెవి దగ్గర ఆడించడం అల్తాఫ్ చేత నాలుగుసార్లు చేయించింది. ఒకసారి చప్పుడు రాకుండానే వచ్చిందన్నాడని మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. చివరికి తన దగ్గరున్న థర్మామీటర్లలో ఒకటి అతనికిచ్చి, మజ్జిగ పోసి పంపింది. ఆ మజ్జిగ మాత్రం చల్లగా లేదని తర్వాత నాతో చెప్పుకున్నాడు.

రెండు పెట్టెలు పోయేసరికి నెల దాటింది. అమూల్య వేళ్ళు మళ్ళీ వాచాయి. పొద్దున లేపితే మంచం మీంచి కాళ్ళు కిందికి దించడానికే పది నిమిషాలు పట్టేది. ఏప్రిల్ పరీక్షలు దగ్గరికొచ్చాయి. చదివిందంతా వచ్చు, పెన్ను పట్టుకోవడం రావడం లేదు. రెండు వాక్యాలు రాసి వేళ్ళు ఒళ్ళో దాచుకునేది, నేను చూస్తానని.

నాకు ఒళ్ళు మండింది. కంపెనీ మీద మండాల్సింది పెద్దమ్మ మీద మండింది. పదిహేడైతే ఏమైంది, ఊళ్ళో అందరూ మందులు ఇలాగే వాడుకుంటున్నారు కదా, నీ చాదస్తానికి నా కూతురు బలి కావాలా అని అరిచాను. ఆవిడ అరవలేదు.

"పనిచెయ్యని మందుకి పిల్లని ఎందుకు పొడవాలిరా?" అంది.

నేను చెప్పులేసుకుని వచ్చేశాను. మూడో పెట్టె బయల్దేరిందని తెలియగానే అల్తాఫ్‌కి ఫోన్ చేసి, నర్సమ్మ ఇంటికి కాదు, సబ్‌స్టేషన్ దగ్గరికి తెచ్చి నాకే ఇవ్వమన్నాను. తెచ్చాడు. నేను అడక్కుండానే మూత తీసి థర్మామీటరు చూపించాడు. ఐదు డిగ్రీలు. మొహం వెలిగిపోతోంది. "అమ్మకి చెప్పన్నా," అన్నాడు. నేను చెప్పలేదు.

మందు ఇంటికి తెచ్చేసరికి పదకొండైంది. ఇక్కడే నా తెలివి పనిచేసింది. ఆ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మా లైనుకి కరెంటు ఉండదు. మరమ్మతు కోసం ఆపబోయేది నేనే కాబట్టి ఆ సంగతి ఊళ్ళో అందరికంటే ముందు నాకు తెలుసు. కరెంటు లేని రెండు గంటల్లో మందు వేడెక్కకుండా ఉండాలని, దాన్ని తీసుకెళ్ళి డీప్ ఫ్రీజర్లో పెట్టాను. పెట్టి, ఎంత ముందుచూపు నాది అనుకుంటూ డ్యూటీకి పోయాను.

సాయంత్రం తీసి చూస్తే సూదిలో మందు ఐసుపుల్లలా బిగిసిపోయి ఉంది.

చేసింది నేనని నాకు తెలుసు. అయినా వంటింట్లో మా ఆవిడ, మంచం మీద అమూల్య ఉంటే నోరు రాలేదు. పెరట్లోకి వెళ్ళి కంపెనీకి ఫోన్ చేసి, పెట్టె గడ్డకట్టి వచ్చిందని చెప్పాను. ఇంకొకటి పంపుతారులే అన్నంతవరకే నా ఆలోచన. ఐసు గడ్డల ఫిర్యాదు అప్పటికే ఒకటి ఉందని, రెండోది పడితే అల్తాఫ్‌ని పనిలోంచి తీసేస్తారని నాకు తట్టలేదు. తట్టినా ఆపేవాణ్ణా అంటే, ఆ పూట ఆపేవాణ్ణి కాదేమో.

మర్నాడు పొద్దున్నే అల్తాఫ్‌ని పనిలోకి రావద్దన్నారు. అతను నన్ను అడగలేదు, నేరుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాడు. మీరు చెప్పినట్టే చెమట పట్టించి కట్టానమ్మా, సబ్‌స్టేషన్ దగ్గర మస్తానన్నకి ఐదు డిగ్రీలు చూపించే ఇచ్చానని చెప్పి, ఆవిడిచ్చిన థర్మామీటరు తిరిగి ఇవ్వబోయాడట. ఆవిడ తీసుకోలేదు.

సాయంత్రం ఐదుకి తన ఫ్రిజ్ చూసుకుని, సంతకం పెట్టుకుని, మా ఇంటికి వచ్చింది. పెదనాన్న అప్పటికే మా ఫ్రిజ్ దగ్గర బాటిల్ తీసుకుని నిలబడి ఉన్నారు. దొరికిపోయాననుకుని గోడకి అతుక్కుపోయారు. ఆవిడ ఆయన్ని చూడనైనా చూడలేదు. మా డీప్ ఫ్రీజర్ తలుపు తీసింది. లోపల పేరుకున్న మంచులో మందు అట్టపెట్టె పొడవూ వెడల్పూ అచ్చు పడి ఉంది. ఆవిడ ఆ అచ్చు చూసింది, నన్ను చూసింది. మంచం మీద పుస్తకం పట్టుకున్న అమూల్యని చూసింది. తలుపు మూసేసింది.

ఇక మొదలవుతుందని నేను కళ్ళు మూసుకున్నాను. నాకు వినిపించింది వేరు.

"కంపెనీకి ఫోను కలుపు. గట్టిగా వినపడేట్టు పెట్టు."

కలిపాను. పాట అయింది. అమ్మాయి పలికింది.

"నా పేరు వీరరాఘవమ్మ. పార్సిలు నా పేరు మీద వచ్చింది. మీ మనిషి అల్తాఫ్ ఐదు డిగ్రీల్లో తెచ్చిచ్చాడు, అతని తప్పేం లేదు. డీప్ ఫ్రీజర్లో పెట్టి పాడుచేసింది నేను."

ఆ అమ్మాయి, ఇది రికార్డు అవుతుంది మేడమ్, మీ తప్పని రాసుకోమంటారా అని అడిగింది.

"రాసుకో తల్లీ. పేరు మళ్ళీ చెప్పాలా?"

పెదనాన్న బాటిల్ మూత తీసిన చేతితో అలాగే నిలబడిపోయారు. ఆ ముప్పై నాలుగేళ్ళ లెక్క అందరికంటే ఎక్కువసార్లు విన్న మనిషి ఆయనే. నీళ్ళు తాగకుండానే బాటిల్ లోపల పెట్టేసి, ఆవిడ వెనకాలే ఇంటికి వెళ్ళిపోయారు.

మా వీధిలో కబురు పాకడానికి కొరియర్ అక్కర్లేదు. నర్సమ్మ చేతిలో డోసు పాడైందట అని పావుగంటలో అందరికీ తెలిసింది. ఆవిడ చేత చీవాట్లు తిన్నవాళ్ళంతా పనిగట్టుకుని వచ్చి పలకరించి పోయారు. ఒకాయన తన ఫ్రిజ్ తలుపు ఎంతసేపు తెరవచ్చో సలహా అడిగాడు, నవ్వాపుకుంటూ. ఆవిడ అరుగు మీదే కూర్చుని, అవునయ్యా, పాడైంది అని అందరికీ ఒకటే మాట చెప్పింది. నేను మా గుమ్మంలో నిలబడి అన్నీ విన్నాను. ఒక్కసారైనా నోరు విప్పి నేనే చేశానని అనలేకపోయాను. అంత సిగ్గు నా జన్మలో ఎరగను.

తప్పు మాదే కాబట్టి మళ్ళీ డబ్బు కట్టాలన్నారు, కట్టాను. పంపడానికి ఆరు రోజులు పడుతుందన్నారు. సోమవారం నుంచి పరీక్షలు. బుధవారం తెల్లారగట్ల పెద్దమ్మ తన పాత నీలం పెట్టె, చెమట పట్టిన నాలుగు ఐసుప్యాకులు, డాక్టరు చీటీ పట్టుకుని మా తలుపు కొట్టింది. సెలవు పెట్టి రమ్మంది. ఆవిడకి పాత రోజులు గుర్తొచ్చినట్టుంది, సర్వీసులో ఉండగా బుధవారమే టీకాల రోజు.

హైదరాబాదు బస్సులో ఆ పెట్టె నా ఒళ్ళోనే. ఇంజను పక్కన పెట్టమన్న కండక్టరుకి ఇంజను వేడి గురించి మిర్యాలగూడ దాకా క్లాసు పీకింది. కంపెనీ డిపోలో ఆఫీసరు, మందు మా చేతికివ్వడం కుదరదు, కొరియర్లోనే పంపాలన్నాడు. ఆవిడ వాదించలేదు. అతని బల్ల మీద తన పెట్టె పెట్టి, మూత తీసి, థర్మామీటరు చూపించింది. ఒక ఐసుప్యాకు తీసి అతని చెవి దగ్గర ఆడించింది. మీరు కట్టే పెట్టె ఒకటి తెప్పించి దీని పక్కన పెట్టమంది. అతను తెప్పించాడు. వాళ్ళ ప్యాకు చప్పుడు చెయ్యలేదు. కాసేపటికి ప్యాకింగు సెక్షన్లో వాళ్ళంతా బల్ల చుట్టూ నిలబడి, ఒకరి తర్వాత ఒకరు ఐసుప్యాకులు చెవుల దగ్గర పెట్టుకుని వింటున్నారు. మా గురజాల ఆవిడ హైదరాబాదు ఆఫీసులో పాఠం చెబుతుంటే నేను వెనక కుర్చీలో ఛాతీ విరుచుకుని కూర్చున్నాను. మందు ఇచ్చి, లిఫ్టు దాకా వచ్చి సాగనంపారు.

తిరుగు ప్రయాణంలో పొందుగల దగ్గర కృష్ణ దాటుతుంటే ఇంక ఉండలేకపోయాను.

"పెద్దమ్మా, అది పెట్టింది నేను."

"తెలుసు."

"మరి నీ మీద ఎందుకేసుకున్నావు? అన్నేళ్ళ పేరు పోగొట్టుకుని?"

ఆవిడ కిటికీలోంచి ఏటి వైపు చూస్తూ చెప్పింది.

"నీ కూతురు నీ చేతి సూదే పొడిపించుకుంటది. ఆ చెయ్యే మందు పాడుచేసిందని తెలిస్తే రేపు ఎవరి ముందు కూర్చుంటది? అల్తాఫ్‌కి ముగ్గురు ఆడపిల్లలు. నా లెక్క ఎవరికి కావాలిరా? డోసులు కాపాడింది పిల్లల కోసం గాని, చెప్పుకోడానికా?"

నా కళ్ళు నిండాయి. తుడుచుకుందామని ఒక చెయ్యి తీశాను.

"పెట్టె వంచబాకు. రెండు చేతులా పట్టుకో."

ఆ సాయంత్రమే అమూల్యకి సూది వేశాను. కదల్లేదు. సోమవారానికి వాపు పూర్తిగా తగ్గలేదు, అయినా పళ్ళ బిగువున రాసింది. ఆఖరి పరీక్షకి అదనపు కాగితం అడిగి తీసుకుంది. అల్తాఫ్‌ని మూడో రోజే మళ్ళీ పనిలోకి పిలిచారు.

ఇది జరిగి రెండేళ్ళైంది. అమూల్య ఇప్పుడు తొమ్మిదో తరగతి. సూది తనే వేసుకుంటుంది, నా చెయ్యి అక్కర్లేదు. అందుకే పోయిన వారం తనకి నిజం చెప్పేశాను. ఒక నిమిషం నా మొహంలోకి చూసి, లేచి వెళ్ళి మా ఫ్రిజ్ మీద ఒక చార్టు అంటించింది. సంతకం నేను పెట్టకూడదట.

వీధిలో వాళ్ళకి కూడా చెప్పాలని ఇదంతా కాగితం మీద పెడుతున్నాను. ఆ డోసు పాడుచేసింది గురజాల లైన్ ఇన్‌స్పెక్టర్ మస్తాన్‌రావు. వీరరాఘవమ్మ గారి ముప్పై నాలుగేళ్ళ లెక్కలో పాడైన డోసు ఒక్కటి కూడా లేదు. ఆ రోజు అరుగు దగ్గరికొచ్చి నవ్వుకున్నవాళ్ళు దయచేసి గమనించాలి.

రాసింది పెద్దమ్మకి చదివి వినిపించాను. బాగానే ఉంది గాని, ముందు వినాల్సింది నేను కాదు, పిడుగురాళ్ళ పొమ్మంది. ఒక కాపీ అల్తాఫ్‌కి పోస్టులో పంపుతానన్నాను. మనిషికి చెప్పాల్సిన మాట పార్సిలు కడతారా అని కసిరింది.

ఆదివారం వెళ్ళాను. అల్తాఫ్ ఇంట్లో చాప మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివాను. అతని పెద్ద కూతురు సయీదా టీ ఇచ్చి, తలుపు దగ్గర నిలబడి వింది. చదవడం అయిపోయాక అల్తాఫ్ కాగితాలు తీసుకుని ఒక పేజీ మళ్ళీ చూసుకున్నాడు. నేను తల దించుకుని గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. కోపం తెచ్చుకుంటాడని, తెచ్చుకుంటే బాగుండని కూడా అనిపించింది.

"అంతా బాగుందన్నా," అన్నాడు చివరికి. "ఒక్కటి తప్పు రాశావు. ఆ రోజు నేను నీకిచ్చినప్పుడు ఐదు కాదు, నాలుగున్నర."

సయీదా లోపలికెళ్ళి ఒక నోటుబుక్కు తెచ్చింది. తారీకు, టైము, డిగ్రీలు, కింద అల్తాఫ్ సంతకం. నిజమే, నాలుగున్నర. పైన ఐదు డిగ్రీలని ఉన్నచోటల్లా మీరు కూడా దిద్దుకోండి.